ఆకుపచ్చ వైరు మీద ఎర్ర గీత

మూడు ఆదివారాలు నాన్నగారి 1972 అంబాసిడర్ వైరింగ్ సరిచేస్తూ బానెట్ కింద తల పెట్టడంతోనే గడిచిపోయాయి. బండి మార్క్ 2. బ్యాటరీని ఛార్జ్ చేయడానికి మాన్యువల్ బొమ్మలో పాతకాలపు డైనమో ఉంది, బండిలో దాని బదులు ఆల్టర్నేటర్ ఉంది. ఎవరో ఎప్పుడో మార్చారు. డైనమో ఛార్జింగ్‌ని అదుపు చేసే పాత రెగ్యులేటర్ డబ్బా మాత్రం అక్కడే ఉంది. మూత తీస్తే లోపల కాయిల్స్ లేవు, వైర్లు కలిపే పెట్టెగా వాడుకున్నారు! తెలివే, కానీ అది కనిపెట్టడానికి నాకో వారం పట్టింది.

మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి పుట్టిన బండి కాబట్టి వైర్ల రంగులూ బ్రిటిష్ పద్ధతే. గోధుమరంగు నేరుగా బ్యాటరీ నుంచి, తెలుపు తాళం తిప్పాక, ఆకుపచ్చ ఆ తర్వాత ఫ్యూజు కూడా దాటాక, నలుపు ఎర్త్, అంటే కరెంటు బండి బాడీ ద్వారా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి. ఆకుపచ్చ మీద ఎర్ర గీత ఉంటే ఎడమ ఇండికేటర్, తెల్ల గీత ఉంటే కుడి. డాష్‌బోర్డు దాకా ఈ లెక్క సరిపోయింది. డిక్కీలోకి వచ్చేసరికి అన్నీ ఇంటి కరెంటు వైర్లే, అన్నీ ఎరుపే. ఏ చివర ఏ వైరుదో మల్టీమీటర్ బీప్ విని పోల్చుకుంటూ, ఒక్కోదానికీ పేరు రాసిన కాగితం ముక్క అంటిస్తూ పోయాను.

అన్నీ కలిపాక బ్రేకు తొక్కితే ఇండికేటర్ మసకగా వెలిగింది. మళ్లీ టెన్షన్. తీరా చూస్తే వైరింగ్ తప్పు కాదు, కొత్త పెయింటు! టెయిల్ లైటు బోల్టు కింద రంగు అడ్డుపడి ఎర్త్ అందలేదు, దాంతో బ్రేకు లైటు కరెంటు ఇండికేటర్ బల్బు గుండా దారి వెతుక్కుంది. పెయింటింగ్‌కి పెట్టిన డబ్బు తలుచుకుంటూ నేనే ఎమరీ పేపర్‌తో గీకాను.

నాన్నగారు కుర్చీలోంచి "హారన్ ఎప్పుడు మోగిస్తావురా?" అంటున్నారు. దాని వైరు ఇంకా దొరకలేదు.