తండ్రి పోయాక పితృత్వ నిరూపణ

సివిల్ దావాలు నడిపే న్యాయవాదిగా నేను గమనించినంతవరకు, తండ్రి ఎవరో తేల్చమని బిడ్డ కోర్టుకు వచ్చేసరికి ఆ తండ్రికి దహన సంస్కారాలు ఎప్పుడో పూర్తయి ఉంటాయి. కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో తన పేరు చేర్చడానికి మిగతా వారసులు ఒప్పుకోనప్పుడే ఆ బిడ్డకు కోర్టు గుమ్మం ఎక్కవలసిన అవసరం వస్తుంది.

ఖననం చేసే చోట కొంత వెసులుబాటు ఉంది. స్పెయిన్ చిత్రకారుడు సాల్వడార్ డాలీ 1989లో మరణించగా, ఆయన తన తండ్రి అని ఒక మహిళ వేసిన దావాలో మాడ్రిడ్ కోర్టు ఆదేశించడంతో 2017 జూలైలో ఫిగెరస్‌లోని సమాధిని తెరిచి వెంట్రుకలు, గోళ్లు, పళ్లు, ఎముకలు సేకరించారు. ఆమె ఆయన కూతురు కాదని సెప్టెంబరులో తేలింది. చితిలో కాలిన అస్థికల్లో మాత్రం పరీక్షకు పనికొచ్చే డీఎన్ఏ సాధారణంగా మిగలదు.

అప్పుడు ముందుగా వెతకవలసింది ఆసుపత్రిలో. తండ్రికి ఎప్పుడైనా బయాప్సీ చేసి ఉంటే, మైనంలో భద్రపరిచిన ఆ కణజాలపు ముక్క పేరు, తేదీలతో సహా ప్రయోగశాలలో ఉండవచ్చు. ఆయన వాడిన టూత్ బ్రష్, రేజర్ కూడా పనికొస్తాయి గానీ, అవి ఆయనవేనని నిరూపించడం కష్టం.

ఇవేవీ లేనప్పుడు తండ్రి తరఫు బంధువులే ఆధారం. తాత, నాయనమ్మ ఇద్దరూ నమూనాలిస్తే, తల్లి నమూనా కూడా జతచేసి చాలా గట్టి నిర్ధారణకు రావచ్చు. వాది కొడుకైతే, తండ్రి నుంచి కొడుక్కు మాత్రమే వచ్చే వై క్రోమోజోమును పెదనాన్న, బాబాయిల వై క్రోమోజోముతో పోల్చవచ్చు. అయితే అన్నదమ్ములందరికీ అది దాదాపు ఒకటే కాబట్టి, బిడ్డ ఆ వంశంవాడని మాత్రమే తెలుస్తుంది, అన్నదమ్ముల్లో తండ్రి ఎవరో తెలియదు. వాది కూతురైతే, తండ్రి తనకున్న ఒకే ఎక్స్ క్రోమోజోమును కూతుళ్లందరికీ ఇస్తాడు కనుక, తల్లులు వేరైనా అక్కచెల్లెళ్ల మధ్య ఆ పోలికను వెతుకుతారు. హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ (డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్, డయాగ్నోస్టిక్స్ కేంద్రం) వంటి సంస్థలు కోర్టులు పంపిన నమూనాలను పరీక్షిస్తాయి.

నన్ను ఎక్కువగా బాధించేది ఇక్కడే: నమూనా ఇవ్వవలసినవారు తరచుగా, ఫలితం అనుకూలమైతే తమ వాటా తగ్గిపోయేవారే. రక్తం ఇవ్వమని ఎవరినీ బలవంతపెట్టరాదని సుప్రీంకోర్టు 1993లోనే చెప్పింది. 2021లో ఒక ఆస్తి దావాలో, వాది మా తల్లిదండ్రుల కొడుకు కాదు, పరీక్ష చేయించండి అని ప్రతివాదులు కోరినప్పుడు, ఇతర సాక్ష్యాలుండగా ఇష్టం లేని వాదిని ఒత్తిడి చేయరాదని చెప్పింది. వ్యక్తి గోప్యతను నేనూ గౌరవిస్తాను. కానీ ప్రతివాదులే బిడ్డ పుట్టుకను ప్రశ్నిస్తూ, తమ నమూనా మాత్రం ఇవ్వబోమంటే, ఆ నిరాకరణను కోర్టు వారికి ప్రతికూలంగా లెక్కించాలన్నది నా దృఢమైన అభిప్రాయం.

తల్లిదండ్రుల వివాహం చెల్లుబాటులో ఉండగా పుట్టిన బిడ్డకు ఈ పరీక్షతో సాధారణంగా పనిలేదు. భారతీయ సాక్ష్య అధినియమంలోని 116వ సెక్షన్ ఆ బిడ్డను ఆ దంపతుల సంతానంగానే భావిస్తుంది. ఆ రక్షణ లేనివారు మాత్రం ఆలస్యం చేయకూడదు. బయాప్సీ ముక్కలను ఆసుపత్రులు కలకాలం ఉంచవు కాబట్టి, దావా వేసిన వెంటనే వాటిని భద్రపరచేలా ఆదేశించమని కోర్టులో దరఖాస్తు పెట్టుకోవాలి.