ఆసు లాగ్: ‘చివర’ బ్లాక్‌లో 8 రావాల్సిన చోట 39

దొరికింది! ‘చివర’ బ్లాక్‌లో (ఏం జరిగినా ఆఖరున నడిచి తీరే కోడ్) 8 అచ్చు కావాల్సిన చోట 39 ఎందుకు వస్తున్నదో ఇయ్యాల తేలింది. నేను తయారుచేస్తున్న ఆసు ప్రోగ్రామింగ్ భాషలో ఎక్సెప్షన్ల (తప్పు జరిగితే మామూలు దారి వదిలి బయటికి దూకుడు) పని మొదలుపెట్టినకాడి నుంచి నన్ను ఇంత సతాయించిన బగ్ ఇంకొకటి లేదు.

అయిపోయినవి ముందు చెప్పేస్త. ‘విసురు’ (ఎక్సెప్షన్‌ను లేపేది) పనిచేస్తున్నది. ఎన్ని పని (ఫంక్షన్) పిలుపుల లోపలి నుంచి విసిరినా ‘పట్టు’ పట్టుకుంటున్నది. ట్రేస్‌లో (తప్పు ఏ దారిన వచ్చిందో చూపే జాబితా) లైను నంబర్లు సరిగ్గా వస్తున్నయి.

ఇగ ‘చివర’ సంగతి. నేను టెస్టుకు వాడేది మిర్యాలగూడలో మా బావ పనిచేసే రైస్ మిల్లు కాటా చీటీల ఫైలు. లారీ నంబరు, లోడు బరువు, ఖాళీ బరువు, తేమ శాతం, అంతే. కాటా కాడ కరెంటు పోతే చీటీ సగంలో ఆగి, ఫైల్లో విరిగిన లైను పడుతది. చదివే పని అక్కడ విసరాలె, కానీ ఏం జరిగినా ఫైలు మాత్రం మూసుకోవాలె. తేమ 17 శాతం దాటిన వడ్లకు ఎక్సెప్షన్ వద్దే వద్దు అని నా పట్టుదల. వానకాలం కోతలప్పుడు అది రోజూ ఉండే ముచ్చట. అది మామూలు విలువగా తిరిగి రావాలె. రోజూ జరిగేదానికి విసురుడు పెడితే చదివేటోనికి దారి తెల్వదు.

బగ్ చూపెట్టే అన్నిటికన్నా చిన్న ప్రోగ్రాం ఇది:

పని చీటీ(ఫైలు) {
  ప్రయత్నం {
    తిరిగివ్వు చదువు(ఫైలు);
  } చివర {
    ఉంచు లెక్క = 7;
    లెక్క = లెక్క + 1;
    మూసెయ్(ఫైలు);
    చూపు(లెక్క);
  }
}

8 రావాలె. 39 వచ్చింది. ఆ వెంటనే ‘ఫైలు ఇదివరకే మూసి ఉన్నది’ అని ఎక్సెప్షన్ లేచింది. అది కూడా ‘చీటీ’ని పిలిచిన పనిలో ఉన్న ‘పట్టు’ను దాటుకొని నేరుగా పైకి పోయి ప్రోగ్రామే ఆగిపోయింది. ఒక్క బగ్‌కు మూడు లక్షణాలు: తప్పు సంఖ్య, రెండుసార్లు మూత, మాయమైన హ్యాండ్లర్ (ఎక్సెప్షన్‌ను పట్టుకునే కోడ్). ‘చివర’లో లోకల్ వేరియబుల్ లేకపోతే మాత్రం అన్ని టెస్టులూ పాస్.

మొదటి అనుమానం చెత్త ఏరే కలెక్టర్ (వాడని మెమరీని ఖాళీ చేసేది) మీద. దాన్ని పూర్తిగా ఆపేసి నడిపినా అదే 39. ‘మూసెయ్’ మీద అనుమానంతో దాన్ని తీసేస్తే ఆ ఎక్సెప్షన్ పోయింది గానీ 39 అట్లనే ఉన్నది. 7 బదులు 700 పెట్టినా 39. అడ్రస్ శానిటైజర్ (మెమరీ తప్పులు పట్టే సాధనం) నోరు మెదపలేదు, వాల్‌గ్రైండ్ కూడా అంతే. మెదపవు కూడా. వీఎం (ఆసు కోడ్‌ను నడిపే ప్రోగ్రాం) స్టాక్, విలువలు ఒకదాని మీద ఒకటి పేర్చే చోటు, అంటే 1024 గడుల ఒకే అర్రే, తప్పు గడి చదివినా అది అర్రే లోపలిదే. ఇట్లాంటి పనికి శానిటైజర్లను నమ్ముకొని కూసోవద్దు. జీడీబీ అనే డీబగ్గర్‌లో గడి మీద వాచ్‌పాయింట్ (విలువ మారంగనే ఆపే గురుతు) పెట్టుడే సరైన మందు.

అసలు ఆధారం వేరేచోట దొరికింది. పని మొదట్లో ఊరికే ఒక ‘చూపు’ లైను పెడితే 39 కాస్తా 42 అయింది. స్థిరాంకం ఎక్కించే ఆప్‌కోడ్ (వీఎంకు ఇచ్చే ఒక ఆజ్ఞ), దాని సూచిక, చూపే ఆప్‌కోడ్ కలిపి సరిగ్గా మూడు బైట్లు. కోడ్ మూడు బైట్లు పెరిగితే విలువ మూడు పెరిగిందంటే అది లెక్క కాదు, కోడ్ చిరునామా!

అక్కడి నుంచి విప్పుకుంటూ పోయిన. ‘చివర’ను చిన్న సబ్‌రొటీన్‌గా ఒక్కసారే కంపైల్ చేస్తున్న. దాంట్లోకి దూకేముందు తిరుగు చిరునామాను (అది అయినంక వెనక్కి పోవాల్సిన చోటు) మామూలు సంఖ్యగా స్టాక్ మీద పెడుతున్న. 0వ గడిలో పని, 1లో ఫైలు, 2లో తిరుగు చిరునామా, 3లో ‘లెక్క’ అని కంపైలర్ లెక్క. మామూలు దారిన వస్తే ఇది కరెక్టే. ‘తిరిగివ్వు’ దారిన వస్తే మాత్రం 2వ గడిలో తిరిగిచ్చే విలువ కూసుంటది, చిరునామా 3కు జరుగుతది, అసలు ‘లెక్క’ 4కు పోతది. కంపైలర్ మాత్రం 3నే చదువుతది. అక్కడున్నది 38. ఒకటి కలిపితే 39.

అంటే ‘లెక్క = లెక్క + 1’ అనే లైను తిరుగు చిరునామానే ఒక బైటు ముందుకు తోసింది. 38వ బైటులో పని నుంచి బయటపడే ఆప్‌కోడ్ ఉన్నది, అది దాటిపోయింది. 39 నుంచి మామూలు దారి కోడ్: హ్యాండ్లర్‌ను తీసెయ్, ‘చివర’ను పిలువు. మన హ్యాండ్లర్ అప్పటికే తీసేసి ఉన్నది గనుక పిలిచిన పనిది ఎగిరిపోయింది. ఆ తర్వాత ‘చివర’ రెండోసారి నడిచి ఫైలును మల్ల మూయబోయింది. మూడు లక్షణాలకూ మూలం ఒక్క గడి తేడా. ‘విసురు’ దారిన వచ్చినా ఇదే గతి, విలువ బదులు 2వ గడిలో ఎక్సెప్షన్ ఉంటది.

మందు రెండు రకాలు. ఒకటి, ‘చివర’ కోడ్‌ను ప్రతి బయటి దారికీ కాపీ చేసుడు. జావా కంపైలర్ చేసేది అదే, పైథాన్ కూడా 3.9 నుంచి అదే. వేగం బాగుంటది, గడుల గొడవ ఉండదు. కానీ ‘చివర’ లోపల ‘చివర’, దాని లోపల ఇంకొకటి ఉంటే మామూలు దారికి ఒకటి, ఎక్సెప్షన్ దారికి ఒకటి చొప్పున అన్నిటికన్నా లోపలిదానికి 8 కాపీలు. నా 46 బైట్ల బ్లాక్ 368 అయితది. దానికన్నా పెద్ద అడ్డం ఇంకొకటి: ఆసుది సింగిల్ పాస్ కంపైలర్, కోడ్‌ను పైనుంచి కిందికి ఒక్కసారే చదువుతది. ‘తిరిగివ్వు’ కనపడే సమయానికి ‘చివర’ ఇంకా చదవనే లేదు, లేనిదాన్ని కాపీ ఎట్ల చేస్త?

అందుకని రెండోది. ‘ప్రయత్నం’ మొదట్లోనే మూడు దాపుడు గడులు తీసి పెడుతున్న: ఏ దారిన వచ్చినం, పట్టుకొచ్చిన విలువ, తిరుగు చిరునామా. అవి 2, 3, 4. ‘లెక్క’ ఎప్పుడూ 5. ఏ దారిన వచ్చినా ‘చివర’లోకి దూకేముందు స్టాక్‌ను 5 ఎత్తుకు కోసేస్త. జావా మొదట్లో వాడిన జేఎస్ఆర్ (సబ్‌రొటీన్‌లోకి దూకు), రెట్ (తిరిగి రా) ఆప్‌కోడ్లలో కూడా చిరునామాను లోకల్ గడిలోకి మార్చుకొని రెట్ అక్కడి నుంచే చదివేది. జావా 7 నాటి క్లాస్ ఫైల్ వెర్షన్ 51 నుంచి ఆ రెండూ నిషేధం. బైట్‌కోడ్ వెరిఫయర్‌కు (నడిపేముందు కోడ్‌ను పరీక్షించేది) అవి పెద్ద తలనొప్పి. నాకు వెరిఫయర్ లేదు, కాబట్టి నాకు ఆ పద్ధతే నయం.

ఇప్పుడు 8 వస్తున్నది! ఎక్సెప్షన్ గడిలోనే ఉంటున్నది గనుక కలెక్టర్ దాన్ని ఏరుకపోదు. ‘చివర’లో కొత్త ఎక్సెప్షన్ లేస్తే పాతదాన్ని దానికి తగిలించుడు కూడా తేలికైంది.

‘చివర’ లోపల ‘తిరిగివ్వు’ రాస్తే కంపైల్ ఎర్రర్ ఇస్తున్న. సీ షార్ప్ దీన్ని ఒప్పుకోదు, అది సరైన నిర్ణయం. జావా, జావాస్క్రిప్ట్ ఒప్పుకుంటయి, దాంతో ఎగురుతున్న ఎక్సెప్షన్ చడీచప్పుడు లేకుండా మాయమైతది. పైథాన్ 3.14లో హెచ్చరిక వస్తున్నది. విసిరినకాడికే మల్ల పోయి పని కొనసాగించే పద్ధతిని మాత్రం ముట్టుకోను. ఎక్సెప్షన్ల మీద రాసిన 1975 పేపర్లో గుడెనఫ్ ఆపేసేదీ కొనసాగించేదీ రెండింటికీ చోటిచ్చిండు. సీఎల్‌యూ భాష ఆపేసే పద్ధతి ఒక్కటే ఉంచుకున్నది, ఆసు కూడా అదే తోవ.

లూప్‌లో ‘దాటు’ (తర్వాతి రౌండుకు పో) రాస్తే హ్యాండ్లర్ స్టాక్ నిండిపోయేది. దాని హద్దు 64, సరిగ్గా 65వ రౌండుకు పడిపోయేది. అది పోయింది.

పోనిది ఒకటున్నది. రెండు ‘ప్రయత్నం’ల లోపలి నుంచి ‘ఆపు’ (లూప్ నుంచి బయటపడు) అంటే రెండు ‘చివర’లూ నడవాలె. నడుస్తున్నయి కూడా. కానీ లోపలి ‘చివర’ తానే విసిరితే బయటిది నడుస్తలేదు. రెండు హ్యాండ్లర్లనూ ముందే ఒక్క దెబ్బకు తీసేసుడే కారణమని నా అంచనా. లోపలి హ్యాండ్లర్ తీసి, లోపలి ‘చివర’ను పిలిచి, దాని గడులు కోసి, ఆ తర్వాతే బయటి హ్యాండ్లర్ జోలికి పోవాలె. ఈ వారం పని ఇదే.

దాని తర్వాత వేగం. కోటి రౌండ్ల ఖాళీ లూప్‌కు నా పాత థింక్‌ప్యాడ్ మీద 0.41 సెకన్లు పడుతున్నది. లోపల ‘ప్రయత్నం’ పెడితే 0.63. ఏమీ విసరనప్పుడు ఇంత ఖర్చు నాకు నచ్చదు. పైథాన్ 3.11లో చేసినట్టు హ్యాండ్లర్లను చిరునామాల పట్టికలో పెట్టి, విసిరినప్పుడే వెతికితే ‘ప్రయత్నం’లోకి పోవుడు దాదాపు ఉచితం. దాపుడు గడులు మాత్రం ఉంటయి, వాటికి సున్నాలు ఎక్కించే ఖర్చు తప్పదు.

ఇంకో ఆలోచన గట్టిగా గుంజుతున్నది: స్విఫ్ట్, జిగ్ భాషల్లో ఉన్న డిఫర్ (తర్వాత నడవాల్సిన కోడ్‌ను ముందే రాసిపెట్టుడు). మూసే కోడ్‌ను తెరిచిన కాడనే రాస్తం గనుక ‘తిరిగివ్వు’ వచ్చేసరికి కంపైలర్ దాన్ని చదివే ఉంటది. సింగిల్ పాస్‌కు అది అచ్చంగా సరిపోతది. గో భాషలో మాదిరి ఫంక్షన్ మొత్తం అయిపోయేదాకా ఆగేది మాత్రం వద్దు, లూప్‌లో ఫైళ్లు తెరిస్తే అన్నీ చివరిదాకా తెరిచే ఉంటయి. బ్లాక్ దాటంగనే నడవాలె. ముందు ‘ఆపు’ బగ్ తేలనీ, చీటీల ప్రోగ్రాంను రెండు తీర్లా రాసి బైట్‌కోడ్ సైజులు పక్కపక్కన పెడ్త.