గులివింద ఎర్రగా ఉందని తాజా అనుకోకండి

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ట్రాలర్ల సరుకు దించాక, చిన్న చేపల గుట్టల్లో గులివిందలు కనిపిస్తాయి. జానెడు కూడా ఉండవు, కిలోకి పాతిక నుంచి నలభై దాకా తూగుతాయి. వంజరం, చందువ కోసం వచ్చినవాళ్లు వీటి వైపు చూడరు. చూసేవాళ్లలో చాలామంది ఎర్రగా మెరిసేవే తాజా అని ఏరుకుంటారు. అక్కడే పొరపాటు. ప్రాణంతో ఉన్న గులివింద వెండి ఒంటి మీద పసుపు చారలతో ఉంటుంది. వలలో నలిగి పొలుసు రాలిన చోట ఎరుపు బయటపడుతుంది. అందుకే రంగు వదిలేసి కళ్లు, మొప్పలు, పొట్ట చూడాలి. కన్ను ఉబ్బెత్తుగా, మొప్ప ఎర్రగా, పొట్ట గట్టిగా ఉండాలి. పొట్ట మెత్తబడి చిట్లిందంటే తీసుకోకండి. చచ్చాక పేగుల్లోని జీర్ణరసాలు పొట్ట గోడనే తినేస్తాయి. ఐసు తక్కువైనా, గుట్ట బరువుకి అడుగున నలిగినా ఇది ఇంకా త్వరగా జరుగుతుంది.

ఇది గులివిందేనా, చూడ్డానికి ఇలాగే గులాబీ రంగులో ఉండే పింక్ పెర్చ్ చేపా అని సందేహం వస్తే గడ్డం కింద గోరు పెట్టి లాగండి. గులివిందకి అక్కడ రెండు మీసాలుంటాయి. చచ్చిన చేపలో అవి దవడ కింది గాడిలో ముడుచుకుని ఉంటాయి, పైకి కనబడవు. ఆ మీసాలే దానికి నాలుక, వేళ్లు కూడా. వాటికి రుచి తెలుస్తుంది. సముద్రం అడుగున ఇసుకని, బురదని వాటితో కెలుకుతూ చిన్న రొయ్య జాతులనీ, పురుగులనీ పట్టుకుంటుంది. అది లేపిన మట్టిలో తమకేమైనా దొరుకుతుందని వేరే చేపలు వెనకే తిరుగుతాయి. ఎంత చక్కటి ఏర్పాటో!

గులివిందల్లోనూ రకాలున్నాయి, తోక చూస్తే తెలిసిపోతుంది. తోక రెండు పాయలకీ అడ్డచారలుండి, కింది పాయలో ఒకటి వెడల్పుగా నల్లగా ఉంటే దాని శాస్త్రీయ నామం ఉపీనియస్ విట్టాటస్. తోక మీద చారలే లేకుండా ఒంటి మీద పసుపు గీతలుంటే ఉపీనియస్ సల్ఫ్యూరియస్. పై పాయకి మాత్రమే చారలుంటే ఉపీనియస్ మొలుక్కెన్సిస్. కూరకి ఏదైనా ఒకటే.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం ఉంటుంది, మర బోట్లు సముద్రంలోకి వెళ్లవు. ఆ రోజుల్లో ఎక్కడైనా గులివింద కుప్పలుగా కనిపిస్తే అది నిల్వ సరుకు కావొచ్చు, పొట్ట మరింత జాగ్రత్తగా నొక్కి చూడండి.

బాగు చేయడం తేలిక. తోక నుంచి తల వైపు కత్తి మొండి వైపుతో గీస్తే పొలుసు ఊడొస్తుంది. పొట్ట చీల్చి పేగులు మొత్తం తీయాలి. ఏ కొంచెం మిగిలినా ఇసుక పంటికి తగలొచ్చు. వెన్నుముల్లు వెంబడి ఉన్న నెత్తురు గోటితో గీకి కడగాలి, లేకపోతే పులుసు నీచు కొడుతుంది.

వేపుడికి అర కిలో చేపకి కారం చెంచాన్నర, ఉప్పు చెంచా, అల్లం వెల్లుల్లి ముద్ద చెంచా, పావు చెంచా పసుపు, అర నిమ్మచెక్క రసం చాలు. పావుగంట కంటే ఎక్కువ నాననివ్వకండి. మెత్తటి కండ, పులుపుకి విరిగిపోతుంది. ముందుగా తడి బాగా తుడవాలి, పెనం బాగా కాలాలి. మూడు నాలుగు నిమిషాలు కదపకుండా ఉంచితే చేప తనంతట తానే పెనం వదులుతుంది. అట్లకాడతో లేపబోతే పెనానికి అంటుకుంటుంటే ఇంకా వేగలేదని అర్థం. పులుసుకైతే చింతపండు రసం మరిగాక చివర్లో వేయండి, ఆరేడు నిమిషాలు చాలు. గరిటె పెట్టకుండా గిన్నె పట్టుకుని తిప్పండి.