నెయ్యి డబ్బుతో అన్నం వండకూడదు

అమెరికాలో బిడ్డను స్కూల్లో చేర్చేటప్పుడు నింపాల్సిన కాగితాల్లో హోమ్ లాంగ్వేజ్ సర్వే ఒకటి ఉంటుంది. కాలిఫోర్నియాలో అయితే నాలుగే ప్రశ్నలు. మాటలు వచ్చినప్పుడు బిడ్డ మొదట నేర్చిన భాష ఏది, ఇంట్లో ఎక్కువగా ఏ భాష మాట్లాడుతుంది, మీరు బిడ్డతో ఏ భాషలో మాట్లాడతారు, ఇంట్లో పెద్దవాళ్లు ఏ భాషలో మాట్లాడుకుంటారు. చాలా తెలుగు ఇళ్లలో నాలుగింటికీ నిజమైన జవాబు తెలుగే. అయినా ‘ఇంగ్లిష్’ అని రాసి ఇచ్చేవాళ్లు తక్కువేం కాదు. తెలుగు అని రాస్తే వెనకబడిన పిల్లల క్లాసులో కూర్చోబెడతారని, రికార్డులో మచ్చలా మిగిలిపోతుందని భయం. ఆ భయంతో ఏం పోగొట్టుకుంటున్నామో తెలియాలంటే, ఇంగ్లిష్ లెర్నర్ల కోసం, అంటే ఇంగ్లిష్ ఇంకా నేర్చుకుంటున్నారని స్కూలు గుర్తించిన పిల్లల కోసం, స్కూళ్లకు వచ్చే డబ్బు ఎలా నడుస్తుందో తెలియాలి.

ముందు ఒక తేడా పట్టుకోవాలి. ఇంగ్లిష్ ఇంకా పూర్తిగా పట్టుబడని పిల్లలకు భాష నేర్పడం, తోటివాళ్లతో సమానంగా పాఠం అందేలా చూడటం స్కూల్ డిస్ట్రిక్ట్ బాధ్యత, అంటే ఆ ప్రాంతంలో ప్రభుత్వ స్కూళ్లను నడిపే సంస్థది. 1974లో సుప్రీంకోర్టు లౌ వర్సెస్ నికోల్స్ కేసులో ఈ మాట తేల్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంగ్లిష్ రాని చైనీస్ పిల్లలకు అందరికీ ఇచ్చిన పుస్తకాలే ఇచ్చి, అందరితో పాటే కూర్చోబెడితే అది సమానత్వం కాదంది. ఆ పని డిస్ట్రిక్ట్ తన సొంత డబ్బుతో, రాష్ట్రం ఇచ్చే డబ్బుతో చేయాలి. దాని పైన ఫెడరల్ విద్యాచట్టంలోని ఒక భాగం కింద కేంద్రం ఇచ్చేదే టైటిల్ త్రీ. విస్తట్లో అన్నం, పప్పు డిస్ట్రిక్ట్ వడ్డించాలి, టైటిల్ త్రీ దాని మీద నెయ్యి. నెయ్యి డబ్బుతో అన్నం వండితే చట్టం ఒప్పుకోదు.

ఆ నెయ్యి కూడా ఎక్కువేం కాదు. 2024 ఆర్థిక సంవత్సరానికి దేశం మొత్తం మీద కేటాయించింది 89 కోట్ల డాలర్లు. 2021 శరత్కాలం నాటికి ప్రభుత్వ స్కూళ్లలో ఇంగ్లిష్ లెర్నర్లు సుమారు 53 లక్షల మంది. ఆ లెక్కన తలకు 170 డాలర్లు కూడా రావు. దాంట్లోనూ రాష్ట్రం తన పనులకు కొంత పక్కన పెట్టుకుంటుంది. ఒక డిస్ట్రిక్ట్ వాటా 10,000 డాలర్లకు తగ్గితే విడిగా ఇవ్వరు. అలాంటి చిన్న డిస్ట్రిక్టులు పక్క డిస్ట్రిక్టులతో కలిసి ఒక కూటమిగా దరఖాస్తు చేసుకోవాలి. ఆఫీసు ఖర్చులకు 2 శాతం దాటకూడదు.

టైటిల్ త్రీ నుంచి పెట్టింది అదనపు ఖర్చా, అసలు ఖర్చుకు బదులా అని తేల్చడానికి ఆడిటర్లు మూడు ప్రశ్నలు వేస్తారు. వేరే చట్టం ప్రకారం ఎలాగూ చేయాల్సిన పనేనా? పోయినేడు ఇదే పనికి రాష్ట్రం డబ్బో స్థానిక డబ్బో పెట్టారా? ఇదే సౌకర్యం మిగతా పిల్లలకు వేరే డబ్బుతో ఇస్తున్నారా? ఒక్కదానికి ‘అవును’ అని వచ్చినా, కాదని రుజువు చేసుకోవాల్సిన బరువు డిస్ట్రిక్ట్ మీదే పడుతుంది.

ఎక్కువ తప్పులు జరిగేది మొదటి ప్రశ్న దగ్గరే. హోమ్ లాంగ్వేజ్ సర్వే, చేరగానే పెట్టే స్క్రీనింగ్ పరీక్ష, ఏటా వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం అనే నాలుగు నైపుణ్యాల్లో పెట్టే పరీక్ష, ఇవన్నీ చట్టం ఎలాగూ చేయమన్నవే. కాబట్టి పరీక్ష పెట్టే సిబ్బంది జీతం టైటిల్ త్రీ నుంచి ఇవ్వకూడదు. ఈ పిల్లలకు రోజువారీ ఈఎస్‌ఎల్ (ఇంగ్లిష్ నేర్పే) పీరియడ్ చెప్పే టీచర్ జీతమూ అంతే. ప్రోగ్రెస్ రిపోర్టులు, సస్పెన్షన్ నోటీసులు తల్లిదండ్రుల భాషలోకి మార్చడం పౌరహక్కుల చట్టం కింద డిస్ట్రిక్ట్ విధి, దానికీ ఈ డబ్బు పనికిరాదు. మూడో ప్రశ్నకు మంచి ఉదాహరణ క్రోమ్‌బుక్ ల్యాప్‌టాప్. స్కూల్లో అందరికీ జనరల్ ఫండ్ నుంచి కొనిచ్చి, ఇంగ్లిష్ లెర్నర్ల క్రోమ్‌బుక్‌లు మాత్రం టైటిల్ త్రీలో రాస్తే అది తప్పు ఖర్చే.

వాడాల్సిన చోట మాత్రం చేయగలిగినవి చాలానే ఉన్నాయి. భాషా బోధనను బలపరచడం, టీచర్లకు శిక్షణ, కుటుంబాలను కలుపుకోవడం, ఈ మూడూ టైటిల్ త్రీ డబ్బుతో తప్పనిసరిగా చేయాల్సిన పనులు. బడి వదిలాక ట్యూషన్, వేసవి తరగతులు, కొత్తగా దిగిన పిల్లలకు ప్రత్యేక గంటలు, మామూలు పాఠ్యపుస్తకాలకు పైన అదనపు సామగ్రి, తల్లిదండ్రులకు సాయంత్రం ఇంగ్లిష్ తరగతులు, అన్నీ ఇందులోకి వస్తాయి. శిక్షణ విషయంలో చట్టం గట్టిగా ఉంది. పెద్ద ప్రణాళికలో భాగం కాని ఒక్కరోజు వర్క్‌షాప్‌ను శిక్షణగా లెక్కలోకి తీసుకోదు. ఏడాది పొడవునా క్లాసులోకి వచ్చి టీచర్ పక్కన నిలబడే కోచ్‌కు పెట్టిన డబ్బే పిల్లలదాకా చేరుతుంది.

మంచి ట్యూషన్ ఎలా ఉండాలో తెలుగు పిల్లల విషయంలో చూద్దాం. గుణింతం నేర్చుకున్న పిల్లకు ‘కి’ ఎక్కడ కనిపించినా ‘కి’యే. ఇంగ్లిష్‌లో ‘త్రూ’, ‘దో’, ‘టఫ్’ మూడు మాటల చివరా అవే నాలుగు అక్షరాలు వస్తాయి, పలకడం మాత్రం మూడు రకాలు. ఆ పిల్లకు బొమ్మల కార్డులు చూపించి ‘యాపిల్’ అనిపించడం వృథా. ఆమెకు కావలసింది స్పెల్లింగ్ కుటుంబాలను వరుసగా పట్టుకునే అభ్యాసం. హైదరాబాద్ ఇంగ్లిష్ మీడియంలో ఆరో తరగతి దాకా చదివి వచ్చిన పిల్లవాడి ఇబ్బంది వేరు. పేరాలు బాగా రాస్తాడు, టీచర్ వేగంగా మాట్లాడితే సగం జారిపోతుంది. అతనికి వినడం, చర్చలో పాల్గొనడం మీద గంటలు కావాలి. ఇద్దరినీ ఒకే గదిలో ఒకే వర్క్‌షీట్ మీద కూర్చోబెడితే ఖర్చు నిబంధన ప్రకారమే జరిగిందనిపిస్తుంది కానీ ఇద్దరికీ ఏమీ రాదు. ఏ నైపుణ్యంలో ఎంత వచ్చిందో స్కోర్ రిపోర్టులో విడిగా ఉంటుంది, గ్రూపులు దాన్నిబట్టి చేయమని అడగాలి.

మనవాళ్లలో చాలామందికి తెలియని మరో పద్దు టైటిల్ త్రీలోనే ఉంది. 3 నుంచి 21 ఏళ్ల లోపు ఉండి, అమెరికాలో పుట్టకుండా, ఇక్కడి స్కూళ్లలో మూడు పూర్తి విద్యాసంవత్సరాలకు మించి చదవని పిల్లలను ‘ఇమిగ్రెంట్’ విద్యార్థులుగా లెక్కిస్తారు. వీసా ఏదన్నది ఈ లెక్కలోకి రాదు, ఇంగ్లిష్ బాగా వచ్చినా ఫరవాలేదు. అంటే పోయినేడు విజయవాడ నుంచి వచ్చి ఇంగ్లిష్ పరీక్ష సునాయాసంగా గట్టెక్కిన పిల్ల కూడా అందులో ఉంటుంది. ఇలాంటి పిల్లల సంఖ్య ఒక్కసారిగా పెరిగిన డిస్ట్రిక్టులకు రాష్ట్రం తన వాటాలో 15 శాతం వరకు పక్కన పెట్టి ఇవ్వవచ్చు. దాన్ని ట్యూషన్, మెంటరింగ్, కౌన్సెలింగ్, కొత్త కుటుంబాలకు పరిచయ కార్యక్రమాలకు వాడొచ్చు. అడ్మిషన్ ఫారంలో పుట్టిన దేశం, అమెరికా స్కూల్లో మొదట చేరిన తేదీ ఖాళీగా వదిలేస్తే ఆ బిడ్డ లెక్కలోకి రాకపోవచ్చు.

రాష్ట్రాల డబ్బు వేరు. కాలిఫోర్నియాలో డిస్ట్రిక్టులకు డబ్బు పంచే ఎల్‌సీఎఫ్ఎఫ్ సూత్రం కింద ఇంగ్లిష్ లెర్నర్లు, తక్కువ ఆదాయ కుటుంబాల పిల్లలు, ఫాస్టర్ కేర్ (కన్నవాళ్ల దగ్గర కాక ప్రభుత్వ సంరక్షణలో పెరిగే) పిల్లల కోసం మూల గ్రాంటు మీద 20 శాతం అదనంగా ఇస్తారు. ఒకే బిడ్డ రెండు వర్గాల్లో ఉన్నా ఒకసారే లెక్క. సాఫ్ట్‌వేర్ జీతం వచ్చే ఇంటి బిడ్డ అయినా ఇంగ్లిష్ లెర్నర్ అయితే ఆ 20 శాతానికి లెక్కే. ఆ వర్గాల పిల్లలు 55 శాతం దాటిన డిస్ట్రిక్టులకు ఇంకో గ్రాంటు కూడా ఉంటుంది. ఈ డబ్బు మీ బిడ్డ పేరున విడిగా దాచిపెట్టరు. డిస్ట్రిక్ట్ మొత్తానికి పెట్టొచ్చు, కాకపోతే ముఖ్యంగా ఈ పిల్లల కోసమే ఉద్దేశించామని, పనిచేస్తుందని, డబ్బు ఎలా ఖర్చుపెడతారో డిస్ట్రిక్ట్ రాసే ఎల్‌క్యాప్ ప్రణాళికలో చూపించాలి. అందరికీ వాడే లైబ్రరీకో సెక్యూరిటీకో ఇది మళ్లుతుంటే ఆ వివరణ ఉన్న పేజీ తెరిచి చదవండి, బలహీనత అక్కడే బయటపడుతుంది.

తల్లిదండ్రుల చేతిలో ఉన్నవీ తెలుసుకోవాలి. బిడ్డను ఇంగ్లిష్ లెర్నర్‌గా గుర్తిస్తే విద్యాసంవత్సరం మొదలైన 30 రోజుల్లో, మధ్యలో చేరితే ప్రోగ్రాంలో పెట్టిన రెండు వారాల్లో ఏ స్థాయిలో ఉందో, ఏం నేర్పుతారో మీకు తెలియజేయాలి. ఆ ప్రోగ్రాం వద్దని చెప్పే హక్కు మీకు ఉంది. వద్దన్నా గుర్తింపు పోదు, ఏటా పరీక్ష తప్పదు. ఉద్యోగం మారి రాష్ట్రం దాటేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది, ఏటా పెట్టే పరీక్ష అన్ని రాష్ట్రాల్లో ఒకటి కాదు. కాలిఫోర్నియాలో ఎల్‌పాక్, టెక్సస్‌లో టెల్‌పాస్, న్యూజెర్సీ, జార్జియా, నార్త్ కరోలినాల్లో వీడా పరీక్ష. ఇంగ్లిష్ లెర్నర్ గుర్తింపు నుంచి బయటపడే కొలతలూ వేరు. స్కోర్ రిపోర్టులు, బయటపడ్డట్టు ఇచ్చిన లేఖ చేతిలో పట్టుకెళ్తే కొత్త స్కూల్లో మళ్లీ మొదటినుంచి మొదలయ్యే ప్రమాదం తగ్గుతుంది.

డబ్బు సమయానికి రాకపోవడం కూడా ఉంది. 2025 జులై 1న రావాల్సిన టైటిల్ త్రీ నిధులను ఫెడరల్ ప్రభుత్వం ఆపి, ఆ నెల చివర్లో వదిలింది. ఆ నాలుగు వారాలు డిస్ట్రిక్టులు కొత్త ఏడాదికి ట్యూటర్లను పెట్టుకోవాలో వద్దో తేల్చుకోలేకపోయాయి.

అడగాలంటే కాలం చూసుకుని అడగాలి. కాలిఫోర్నియాలో కనీసం 21 మంది ఇంగ్లిష్ లెర్నర్లున్న ప్రతి స్కూల్లో ఈలాక్ అనే తల్లిదండ్రుల కమిటీ, కనీసం 51 మంది ఉన్న డిస్ట్రిక్ట్‌లో డిస్ట్రిక్ట్ స్థాయిలో అలాంటిదే డీలాక్ ఉండాలి. ఎల్‌క్యాప్ జులై 1 లోపు ఆమోదం పొందాలి కాబట్టి మే నెలలో వెళ్తే లెక్కలు అప్పటికే కుదిరిపోయి ఉంటాయి. ఫిబ్రవరిలోనో మార్చిలోనో వెళ్లి, ‘ఈ ఖర్చు పోయినేడు ఏ ఫండ్ నుంచి పెట్టారు?’ అని అడగండి. ఎల్‌క్యాప్‌ను పరిశీలించే ఇంగ్లిష్ లెర్నర్ తల్లిదండ్రుల కమిటీ తరఫున ఆ ప్రశ్న రాతపూర్వకంగా వెళ్తే, సూపరింటెండెంట్ రాతపూర్వకంగానే జవాబివ్వాలి.