న్యూయార్క్ పిజ్జా, బేగెల్ తగవులో మధ్యవర్తిత్వం

న్యూయార్క్‌లో మంచి పిజ్జా ఎక్కడ దొరుకుతుందని ఎవరిని అడిగినా నేరుగా తీర్పే చెబుతారు. ఫలానా వీధిలోని ఫలానా దుకాణం తప్ప మిగిలినవన్నీ దండగ అని మొదలుపెట్టి, ముక్కను ఎలా పట్టుకోవాలో, పైన ఏమి చల్లుకోవాలో, చివరి గట్టి అంచును తినాలో వదిలేయాలో కూడా వివరించి గాని ఊరుకోరు. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో స్థిరపడిన మా అక్క ఇంట్లో ఈ తగవు తండ్రీకొడుకుల మధ్య ఏళ్ళ తరబడి సాగుతోంది. మా బావగారు బొగ్గు పొయ్యిలో కాల్చిన పిజ్జాకు పక్షపాతి. మన్‌హాటన్‌లో ఉద్యోగం చేసే మా మేనల్లుడు వీధి దుకాణంలో ముక్కల లెక్కన అమ్మే స్లైస్ తప్ప మరొక దానిని పిజ్జాగా అంగీకరించడు. అమెరికా యాత్రకు వెళ్ళిన నన్ను ఇద్దరూ కలిసి మధ్యవర్తిగా నియమించారు. శాకాహారి అయిన మా అక్క మాత్రం ఈ వివాదంలో తనకు వాటా లేదని ముందే ప్రకటించి మాతో బయలుదేరింది.

మొదటి అవకాశం వయసును బట్టి బావగారికే దక్కింది. పెన్ స్టేషన్‌లో రైలు దిగి ఆయన మమ్మల్ని మొదట స్ప్రింగ్ స్ట్రీట్‌లోని లొంబార్డీస్ ముందుకు తీసుకువెళ్ళి, అమెరికాలో తొలి పిజ్జా దుకాణం ఇదేనని గర్వంగా చూపించారు. జెన్నారో లొంబార్డీ అనే ఇటలీ వలసదారు 1905లో పిజ్జా అమ్మకం మొదలుపెట్టాడన్నది ప్రచారంలో ఉన్న చరిత్ర. అయితే ఫిలిప్పో మిలోనే అనే మరొక వలసదారు అంతకు ముందే ఈ నగరంలో పిజ్జా దుకాణాలు తెరిచాడని ఇటీవలి పరిశోధన చెబుతోంది. అసలు లొంబార్డీస్ 1984లో మూతపడింది. ఇప్పుడున్నది 1994లో అదే వీధిలో మరొక చోట తెరిచినది. ఈ వివరాలన్నీ మా మేనల్లుడు అక్కడే, తండ్రి వినేలా, నా చెవిలో వేశాడు.

మేము భోజనం చేసింది మాత్రం బ్లీకర్ స్ట్రీట్‌లో 1929 నాటి జాన్స్‌లో. అక్కడ ముక్కలు అమ్మబోమని దుకాణం ముందే రాసి ఉంటుంది. పూర్తి పిజ్జా చెప్పి, కూర్చుని తినవలసిందే. తరతరాలుగా వచ్చినవారు చెక్క బల్లలమీద, గోడలమీద కత్తులతో చెక్కిన పేర్ల మధ్య మేము కూర్చున్నాము. బొగ్గు పొయ్యిలో వేడి 400 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది కాబట్టి పిజ్జా కొద్ది నిమిషాలలోనే కాలి, అడుగున నల్లని మచ్చలతో, అంచులు పెళుసుగా, మధ్యభాగం తడిగా బల్లమీదికి వస్తుంది. ఆ మాడిన మచ్చల చేదు టొమాటో పులుపుతోను, చీజ్ ఉప్పదనంతోను కలిసినప్పుడు కలిగే రుచిని గురించి బావగారు ఎంత చెప్పినా అతిశయోక్తి కాదనే నాకు అనిపించింది. ఇటువంటి పొయ్యిలు నగరంలో కొద్దిగానే మిగిలాయి. వాటి పొగలోని ధూళికణాలను 75 శాతం తగ్గించాలన్న నగరపాలక నిబంధన 2024లో అమలులోకి వచ్చినప్పుడు పిజ్జా ప్రియులు పెద్ద గొడవే చేశారట.

మా మేనల్లుడి పక్షం బలం కూడా తక్కువేమీ కాదు. బొగ్గు పొయ్యిలో కాలిన పిజ్జా చల్లారితే తోలులా సాగుతుంది. దానిని మళ్ళీ వేడిచేసి అమ్మితే మొదటి రుచి రాదు. గ్యాస్‌తో వేడెక్కే, అరలవంటి వెడల్పాటి ఒవెన్లు ఇరవయ్యో శతాబ్దం మధ్యలో వచ్చిన తరువాతనే వీధి స్లైస్ నగరమంతా వ్యాపించింది. వాటిలో వేడి సుమారు 290 డిగ్రీలు. తేమ తక్కువగా ఉండే మొజరెల్లా చీజ్ నిదానంగా కరిగి, పిండి అడుగు సమానంగా ఎరుపెక్కుతుంది. పద్ధెనిమిది అంగుళాల పిజ్జాను ఎనిమిది ముక్కలుగా కోసి అద్దాల వెనుక పెట్టి, అడిగినవారికి ఒక ముక్కను రెండు నిమిషాలు మళ్ళీ ఒవెన్‌లో తోసి, కాగితపు పళ్ళెంలో అందిస్తారు. ఆ రెండో కాల్పుతోనే అడుగుభాగం కరకరలాడుతుంది. 1975లో మొదలైన కార్మైన్ స్ట్రీట్‌లోని జోస్‌లో మేము సాదా చీజ్ స్లైస్ తీసుకొని, కూర్చునే ఏర్పాటు లేనందువల్ల దుకాణం బయట కాలిబాట మీద నిలబడే తిన్నాము. ముక్క ధర, సబ్‌వే రైలు టికెట్టు ధర జంటగా పెరుగుతాయన్న సరదా సూత్రం ఒకటి 1980లోనే న్యూయార్క్ టైమ్స్ పత్రికలో వచ్చింది. మేము వెళ్ళినప్పుడు టికెట్టు 2 డాలర్ల 90 సెంట్లు ఉండగా, పేరున్న దుకాణాలలో స్లైస్ దానిని దాటిపోయింది.

అరచేతికంటె పొడవైన ఆ ముక్కను ఎలా తినాలన్నది అసలు వివాదం. దానిని అంచు దగ్గర పట్టుకొని బల్లపరుపుగా ఎత్తితే కొన కిందికి వాలిపోయి, చీజ్, నూనె చొక్కామీదికి జారుతాయి. అందుకే న్యూయార్క్ వాసి అంచును నిలువునా మధ్యకు మడుస్తాడు; వెంటనే కొన బిగుసుకొని నిటారుగా నిలుస్తుంది. ఇందులోని కిటుకును గణితవేత్త గౌస్ 1827లోనే ఒక సిద్ధాంతంగా చెప్పాడు. చదునైన పలుచని తలాన్ని సాగదీయకుండా ఒక దిశలో వంచితే, దానికి అడ్డంగా ఉన్న దిశలో అది వంగలేదు. భోజనాల బంతిలో నీళ్ళ పప్పు జారిపోకుండా అరిటాకు అంచును ఒక చేత్తో పైకెత్తి పట్టుకునే మనవారికి ఈ నేర్పు కొత్తగా తోచదు. మా అక్క ఎవరూ చెప్పకముందే మడిచి తినడం మొదలుపెట్టింది.

ఫోర్క్, చాకు సంగతి ఇక్కడ రాజకీయాలదాకా వెళ్ళింది. 2014 జనవరిలో కొత్తగా మేయర్ పదవి చేపట్టిన బిల్ డి బ్లాసియో స్టేటెన్ ఐలండ్‌లో పిజ్జాను ఫోర్క్‌తో తింటూ కెమెరాలకు చిక్కాడు. తన పూర్వీకుల దేశమైన ఇటలీలో అలాగే తింటారని ఆయన సమర్థించుకున్నా, పత్రికలు, టీవీ హాస్యగాళ్ళు చాలాకాలం వదిలిపెట్టలేదు. ఆ ఫోర్క్‌ను తరువాత వేలం వేసి, వచ్చిన 2,500 డాలర్లను ధర్మకార్యానికి ఇచ్చారు. నేను ఈ విషయంలో మేయర్ పక్షమే, కాని సగం మేరకే. పొయ్యిలోంచి అప్పుడే వచ్చి మధ్యలో తడిగా ఉన్న బొగ్గు పిజ్జాను మొదటి రెండు నిమిషాలు చేత్తో పట్టుకోవడం నిజంగా కష్టం. అప్పుడు ఫోర్క్ వాడితే తప్పేమిటి? వీధి స్లైస్‌ను మాత్రం రెండోసారి కాల్చి గట్టిపరిచేదే చేతితో నడుస్తూ తినడానికి కాబట్టి, దానికి ఫోర్క్ పెట్టడం అనవసరం. ఒవెన్ ఎలాంటిదో చూసి తినే పద్ధతిని నిర్ణయించుకోవాలన్నది నా మధ్యవర్తి తీర్పు. తండ్రీకొడుకులు ఇద్దరూ దీనిని తిరస్కరించారు.

"మావయ్యా, ఈస్ట్ హార్లెమ్ వెళ్తే నీ తీర్పు నిలవదు" అన్నాడు మేనల్లుడు. అది నిజమే. 1933 నాటి ప్యాట్సీస్‌లో బొగ్గు పొయ్యి పిజ్జాను ముక్కలుగా కూడా అమ్ముతారు; అక్కడ పలుచని ముక్కను మడిచి, వీధిలో నిలబడి తినవచ్చు. బావగారు కూడా అదే దుకాణాన్ని తన వాదానికి సాక్ష్యంగా చూపుతుంటారు. బ్రూక్లిన్‌లో 1965 నుంచి నడుస్తున్న డి ఫారా మరొక పేరున్న దుకాణం. 2022లో మరణించిన దాని యజమాని డొమెనికో డి మార్కో దశాబ్దాలపాటు పిజ్జాలను తన చేతులతోనే చేసి, ఒవెన్‌లోంచి తీసిన ప్రతిదానిపై తాజా తులసిజాతి ఆకును కత్తెరతో కత్తిరించి వేసేవాడని అక్కడ వరసలో నిలబడ్డవారు ఇప్పటికీ చెప్పుకుంటారు. శాకాహారులకు ఇక్కడొక మాట చెప్పాలి. పాతకాలపు ఇటాలియన్ గట్టి చీజ్‌లలో పాలను గడ్డకట్టించడానికి దూడ పొట్టనుంచి తీసే రెనెట్ వాడతారు. పట్టింపు ఉన్నవారు పైన చల్లే పార్మెజాన్ విషయం అడిగి తెలుసుకోవడం మంచిది. మా అక్క ఆ డబ్బాను ముట్టలేదు.

బేగెల్ అనే గుండ్రని రొట్టె విషయానికి వస్తే తగవు ఇంకా తీవ్రం, వస్తువు ఇంకా లోతైనది. నా మటుకు నాకు పిజ్జాకంటె ఇదే గొప్పది. గ్లూటెన్ ఎక్కువగా ఉన్న పిండిని గట్టిగా కలిపి, చేతితో వత్తి, కంకణంలా చుట్టి, రాత్రంతా చలిలో పులియబెడతారు. మరునాడు బార్లీ మాల్ట్ కలిపిన మరిగే నీటిలో కొద్దిసేపు ఉడికించి, ఆ తరువాతనే కాలుస్తారు. ఉడకడంవల్ల పైపిండి ముందే బిగుసుకొని, ఒవెన్‌లో ఉబ్బిపోకుండా నిగనిగలాడే గట్టి పెచ్చుగా మారుతుంది; లోపల పిండి నమలడానికి కాస్త ఎదురుతిరుగుతుంది. ఉడికించకుండా ఆవిరి పట్టించి కాల్చినది చూడటానికి బేగెల్‌లా ఉన్నా తినడానికి గుండ్రని బన్ను మాత్రమే.

ఈ విద్య పోలండ్ ప్రాంతపు యూదు వలసదారులతో వచ్చింది. నగరంలోని బేగెల్ కార్మికుల సంఘం, లోకల్ 338, ఒకప్పుడు దాదాపు మొత్తం తయారీని తన చేతిలో పెట్టుకొని, సభ్యత్వాన్ని ఎక్కువగా సభ్యుల కొడుకులకు, దగ్గరి బంధువులకు మాత్రమే ఇచ్చేది. 1951 డిసెంబరులో తయారీ ఆగిపోయినప్పుడు నగరంలో బేగెల్ కరువే వచ్చింది. 1960లలో వాడకంలోకి వచ్చిన డేనియల్ థాంప్సన్ బేగెల్ యంత్రం, దానిని అందిపుచ్చుకున్న లెండర్ కుటుంబపు ఘనీభవించిన బేగెల్స్ సంఘాన్ని దెబ్బతీశాయి. యంత్రానికి మెత్తని పిండి కావాలి. బేగెల్ దేశమంతా వ్యాపించిన కొద్దీ మెత్తబడటానికి ఇదొక కారణం.

ఫ్లషింగ్‌లోని గణపతి దేవస్థానం న్యూయార్క్ వెళ్ళిన తెలుగువారికి తప్పని మజిలీ. దర్శనం అయిన తరువాత నేలమాళిగలోని క్యాంటీన్ దోసెను ఎలాగో కాదనుకొని, కొద్ది దూరంలోని వైట్‌స్టోన్‌లో ఉన్న యుటోపియా బేగెల్స్‌కు వెళ్ళాము. మా అక్క దోసెను కాదనుకోలేదు, పొట్లం కట్టించుకుంది. యుటోపియా దుకాణంలో నువ్వులు, గసగసాలు, ఉల్లి, వెల్లుల్లి, ఉప్పు అన్నీ అద్దిన ఎవ్రీథింగ్ బేగెల్‌ను వేడిగా చేతికిచ్చారు. దానిని కోయకుండా, ఏమీ పూయకుండా, చేత్తో తుంచి తిన్నాను. ఇంతకంటె బాగా తినే మార్గం నాకు తెలియదు.

ఇక్కడే టోస్ట్ వివాదం మొదలైంది. తాజా బేగెల్‌ను టోస్ట్ చేయడం అపరాధమని బావగారి నమ్మకం. నగరంలోని కొన్ని దుకాణాలు చాలాకాలం టోస్ట్ చేయడానికి ఒప్పుకునేవి కావు కూడా. మేనల్లుడు క్రీమ్ చీజ్ కరగాలంటే టోస్ట్ కావాలంటాడు. నేను ఈసారి బావగారి వైపు మొగ్గాను. ఒవెన్‌లోంచి వచ్చి గంట కాని బేగెల్‌ను రెండోసారి కాల్చితే పెచ్చు గట్టిపడి, లోపలి తేమ పోతుంది. సాయంత్రానికి మిగిలినదైతే టోస్ట్ చేయక తప్పదు.

హూస్టన్ స్ట్రీట్‌లోని రస్ అండ్ డాటర్స్‌లో నంబరు చీటీ తీసుకొని చాలాసేపు వేచి ఉన్నాము. 1914లో మొదలైన ఈ దుకాణానికి, కొడుకులు లేని జోయెల్ రస్ తన ముగ్గురు కుమార్తెలను భాగస్వాములను చేసినందున ఆ పేరు వచ్చింది. మాంసాన్ని, పాలను కలపకూడదన్న యూదుల ఆహార నియమంవల్ల, మాంసం అమ్మే దుకాణాలు వేరు, చేపలు, పాల పదార్థాలు అమ్మే ఇటువంటి దుకాణాలు వేరు. క్రీమ్ చీజ్ పక్కన సాల్మన్ చేప చేరింది ఆ నియమం పుణ్యమే. ఉప్పునీటిలో ఊరిన సాల్మన్‌ను లాక్స్ అంటారు, అది చాలా ఉప్పగా ఉంటుంది. చల్లని పొగ పట్టించిన నోవా మృదువుగా ఉంటుంది. వండని చేపంటే మనవాళ్ళు సహజంగా వెనుకాడతారు కాబట్టి నోవాతో మొదలుపెట్టడం క్షేమం. దాల్చినచెక్క, ఎండుద్రాక్ష బేగెల్‌లో చేప పెట్టమని మాత్రం అడగకూడదు. 2018లో గవర్నరు పదవి అభ్యర్థిత్వానికి పోటీచేస్తున్న నటి సింథియా నిక్సన్ అలా అడిగినందుకు నగరం కొన్ని రోజులు ఆమె రుచిని విచారించింది.

క్యాట్‌స్కిల్ పర్వతాలనుంచి వచ్చే, లవణాలు తక్కువగా ఉన్న మెత్తని నీటివల్లనే ఇక్కడి పిజ్జా, బేగెల్ ఇలా వస్తాయన్న మాట తండ్రీకొడుకులు ఏకీభవించిన ఒకే ఒక విషయం. నేను దానిని కూడా ఒప్పుకోలేదు. లవణాలు పిండి బిగువును కొంత మారుస్తాయి గాని, రాత్రంతా పులియబెట్టే ఓపిక, మరిగే నీరు లేని చోట ఏ నీరు తెచ్చి పోసినా ఫలితం ఉండదు.

పొరుగువారి కోసం బేగెల్స్ కొంటున్నప్పుడు మేనల్లుడు వాటిని కోయవద్దని గట్టిగా చెప్పాడు. న్యూయార్క్ రాష్ట్రంలో కోయని బేగెల్‌ను ఇంటికి తీసుకుపోతే అమ్మకపు పన్ను లేదు. కోసినా, క్రీమ్ చీజ్ పూసినా నగరంలో 8.875 శాతం పడుతుంది. మా అక్క ఆ లెక్క విని నవ్వి, గ్రాండ్ స్ట్రీట్‌లో 1936 నాటి కోసార్స్‌కు తీసుకువెళ్ళమంది. అక్కడ దొరికే బియాలీ అనే రొట్టెను ఉడికించరు, మధ్యలో చిల్లు కూడా ఉండదు. ఉన్న గుంటలో ఉల్లిపాయ ముక్కలు నింపి నేరుగా కాలుస్తారు. కొన్ని గంటలలోనే గట్టిపడిపోతుంది కనుక దానిని తాజాగా తినడమే మేలు. "ఒరే, మీ రెండింటికంటె ఇదే బాగుంది" అని అక్క రెండోది కూడా తీసుకుంది. బావగారు ఒక కొసను తుంచి చూసి, ఎడిసన్ వెళ్ళే రైలులో ఇక బియాలీ గురించి మాట్లాడటం మొదలుపెట్టారు.