మొదటి మంగళవారం, పది గంటలకి

ఇల్లినాయ్ రాష్ట్రంలో నెలనెలా మొదటి మంగళవారం ఉదయం పది గంటలకి ఊరూరా సైరన్లు మోగిస్తారు. టోర్నడో వచ్చినరోజు పనిచేస్తాయో లేదో చూసుకోవడానికి. షికాగో శివార్లలో ఉండే తెలుగువాళ్ళకి ఇది అలవాటే. ఆఫీసు కాల్‌లో ఉంటే మ్యూట్ నొక్కి కాసేపు ఆగుతారు, అంతే. ఆ కాసేపు పాత సైరన్ల కూత వినడానికి పొద్దున్నే లేచి కారేసుకుని ఎక్కడికో వెళ్ళేవాళ్ళు ఉన్నారని మాత్రం మా మేనల్లుడి వల్లే తెలిసింది. వాడు ఇక్కడే పుట్టాడు, కాలేజీలో చదువుతున్నాడు. "మావయ్యా, ఈ మంగళవారం నాతో రా. ఫోన్లో వింటే దాని సంగతి తెలీదు" అన్నాడు. వెళ్ళాను.

అరోరాలో మా అక్క వాళ్ళింటి నుంచి బయల్దేరి ఐ-88 మీద పడమరకి పోయాం. డికాల్బ్ దాటాక దారికి రెండువైపులా మొక్కజొన్న, సోయా చేలే. కారులో వాడిది ఒకటే ధోరణి: ఏ ఊళ్ళో ఏ మోడల్ సైరన్ ఉంది, ఏది తీసేశారు, ఏది మూగబోయింది. ఈ సైరన్ల పిచ్చి ఉన్నవాళ్ళు ఇంటర్నెట్‌లో మ్యాప్ పెట్టుకుని ఒక్కో స్తంభాన్నీ గుర్తిస్తారు. గూగుల్ స్ట్రీట్ వ్యూలో వీధి వీధీ తిరిగి పాత సైరన్‌ని పట్టుకోవడం వాళ్ళకి పెద్ద గెలుపు. మర్యాదలూ ఉన్నాయి. స్తంభం ఎక్కకూడదు, కంట్రోల్ పెట్టె ముట్టుకోకూడదు, చెవులకి ప్లగ్గులు లేకుండా దగ్గరికి పోకూడదు. మేం వెళ్ళిన ఊరి పేరు రాయొద్దని వాడు ముందే మాట తీసుకున్నాడు.

ఈ పాత సైరన్లలో చాలావాటిని పెట్టింది గాలివాన కోసం కాదు, రష్యా బాంబుల భయంతో. 1952లో వచ్చిన ఫెడరల్ సిగ్నల్ కంపెనీ వారి థండర్‌బోల్ట్ సైరన్‌లో కింద నేల దగ్గర బ్లోయర్ ఉంటుంది. అది గొట్టంలోంచి గాలిని పైకి తోస్తే, పైన తిరిగే బూర ఆ అరుపుని ఊరంతా చుట్టబెడుతుంది. ఆ రోజుల్లోనే కార్ల కంపెనీ క్రైస్లర్ వాళ్ళు 180 హార్స్‌పవర్ వి-8 కారు ఇంజనుని ఏకంగా సైరన్‌కి బిగించారు. వంద అడుగుల దూరంలో 138 డెసిబెల్స్. అంత భయంలో బతికిన కాలం అది.

ఆ భయం ఎంతుండేదో చెప్పడానికి మేనల్లుడు ఎత్తుకున్న కథ నాకు భలే నచ్చింది. 1959 సెప్టెంబర్ 22 రాత్రి షికాగో బేస్‌బాల్ జట్టు వైట్ సాక్స్ నలభై ఏళ్ళ తర్వాత లీగ్ టైటిల్ గెలిచింది. ఆ సంబరంలో ఫైర్ కమిషనర్ రాబర్ట్ క్విన్ నగరంలోని ఎయిర్ రెయిడ్ సైరన్లన్నీ మోగించమన్నాడు. ఆట సంగతి పట్టనివాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని బేస్‌మెంట్లలోకి పరుగెత్తారు. ఆ వారమే సోవియట్ నాయకుడు కృశ్చేవ్ అమెరికా పర్యటనలో ఉన్నాడు, ఆ రోజు పక్క రాష్ట్రం అయోవాకే వచ్చాడు. తమ నాయకుడు ఇక్కడుండగా రష్యా బాంబు వెయ్యదులే అని ఆ హడావుడిలో ఎవరికి తడుతుంది!

బాంబులు రాలేదు. గాలి వచ్చింది. అరోరాకి దక్షిణాన ఉన్న ప్లెయిన్‌ఫీల్డ్‌లో ఇప్పుడు మనవాళ్ళ ఇళ్ళు బోలెడున్నాయి. 1990 ఆగస్టు 28న అక్కడా, ఆ చుట్టుపక్కలా ఎఫ్-5 టోర్నడోలో, అంటే అన్నిటికంటే తీవ్రమైన రకంలో, 29 మంది చనిపోయారు. అది వచ్చి పడేలోపు సైరన్ మోగలేదు. ఆ ఊళ్ళో ఇల్లు కొనుక్కున్నవాడు నెలకోసారి మోగే ఈ గోలని విసుక్కోకూడదని నా అభిప్రాయం.

పది కావస్తుండగా ఊరు చేరాం. మేం వెతుక్కుంటూ వచ్చిన సైరన్ ఫైర్ స్టేషన్ వెనక ఇనప స్తంభం మీద ఉంది, 2టీ22 మోడల్. రెండంతస్తులుగా చుట్టూ కొమ్ములు, మధ్యలో నిలువుగా మోటారు, దానికి పైనా కిందా ఒక్కో రోటరు, అంటే గాలిని కోస్తూ తిరిగే చక్రం. ఒకదానికి పది కిటికీలు, ఇంకోదానికి పన్నెండు. అందుకే రెండు స్వరాలు. మోటారు ఒక్కటే కాబట్టి అవి కలిసే పైకి లేస్తాయి, కలిసే దిగుతాయి. పదికీ పన్నెండుకీ ఉన్న ఆ నిష్పత్తి మన సంగీతం లెక్కలో షడ్జమం, సాధారణ గాంధారం. చిన్నప్పుడు మా అక్క వాడిని బలవంతాన పాట క్లాసుకి పంపింది, అది ఇలా అక్కరకొచ్చింది.

మాకంటే ముందే ఇద్దరు కుర్రాళ్ళు ట్రైపాడ్లు పెట్టుకుని ఉన్నారు. పలకరింపుగా తలలూపారు, మాటల్లేవు. రికార్డింగులో మాట పడితే అంత దూరం వచ్చిందీ దండగ.

మొదట మూలుగు. ఎద్దు లోపల్నుంచి రంకె తెచ్చుకుంటున్నట్టు. తర్వాత చెవికంటే ముందు పక్కటెముకలకి తెలిసింది. రెండు స్వరాలూ పైకెళ్ళి ఒకచోట నిలిచాయి, కారు అద్దం సన్నగా అదిరింది. కరెంటు ఆపేశాక మొదలైంది అసలు సరుకు. రోటరు బరువుకి అదే తిరుగుతూ, స్వరం నెమ్మదిగా జారుతూ, ఎప్పటికీ ఆగదేమో అన్నంతసేపు దిగింది. వీళ్ళు దాన్ని వైండ్‌డౌన్ అంటారు. కొత్త ఎలక్ట్రానిక్ సైరన్లు స్పీకర్లలో ఆ జారుడుని అనుకరిస్తాయి, "అది ఉత్త నకలు మావయ్యా" అంటాడు వాడు.

ఎదురుగా పోస్టాఫీసు నుంచి వస్తున్న ఆవిడ తల కూడా ఎత్తలేదు. మనకీ అంతేగా. సింగరేణి ఊళ్ళల్లో షిఫ్టు సైరన్‌కి, హైదరాబాద్‌లో రంజాన్ ఇఫ్తార్ సైరన్‌కి ఎవరూ ఉలిక్కిపడరు. 2025 మే 7న యుద్ధం వస్తే ఏం చెయ్యాలో నేర్పే మాక్ డ్రిల్ కోసం హైదరాబాద్, విశాఖల్లో మోగించినప్పుడు మాత్రం అందరూ ఆగి విన్నారు, కూత కంటే కారణం కొత్తది కాబట్టి.

స్టేషన్లోంచి ఒక పెద్దాయన బయటికొచ్చాడు, వాలంటీర్ ఫైర్‌మన్. పూర్వం మంట అంటుకుంటే పొలాల్లో ఉన్నవాళ్ళని పిలిచింది ఇదేనట, ఇప్పుడు ఫోన్లకి కబురొస్తుంది. త్వరలో దీన్ని మార్చేస్తారని చెప్పాడు. కరెంటు పోతే ఇది మోగదు, కొత్తదానికి బ్యాటరీ ఉంటుంది. నాకు అది సబబుగానే తోచింది. మేనల్లుడు మాత్రం ఫోన్ నంబరు రాసిచ్చి, "దించే రోజు ఒక్క కాల్ చెయ్యండి, నేనే కొనుక్కుంటాను" అన్నాడు.

నలుగురు పట్టినా లేవని ఆ ఇనుముకి మా అక్క గ్యారేజీలో చోటు అడగాలి. ఆ పని నాకు అప్పజెప్పాడు.