అట్లాంటాకి మళ్ళీ ఐస్ హాకీ టీమ్ ఇవ్వాలా? ఒక గోలీ అమ్మగా నా మాట

శనివారం పొద్దున 5:40. బయట జార్జియా ఉక్కపోత, ఐస్ రింక్ తలుపు తీయగానే ఎముకలు కొరికే చలి. మా వాడికి తొమ్మిదేళ్ళు, గోలీ, అంటే గోల్ కీపర్. స్కేట్ లేసులు కట్టుకోవడం వచ్చు గానీ బిగించే బలం ఇంకా రాలేదు, చీలమండ దగ్గర కొంచెం వదులైనా కాలు పక్కకి మడతపడిపోతుంది, అందుకని రబ్బరు నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని కింద నుంచి ఒక్కో వరసా లాగి బిగిస్తా. పని అయ్యేసరికి చూపుడు వేళ్ళ మీద ఎర్రగా గీతలు పడతాయి. రెండేళ్ళ నుంచీ ఇదే నా వీకెండ్. ఖమ్మంలో పెరిగిన నాకు హాకీ అంటే స్కూల్ గ్రౌండ్‌లో ఆడేదే తెలుసు, ఈ ఐస్ హాకీ మాత్రం మా వాడి వల్లే నాకు పరిచయమైంది, ఇప్పుడు వాడికంటే నాకే ఎక్కువ పట్టుకుంది.

అమెరికా, కెనడా టీములు ఆడే పెద్ద ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్ఎల్‌లో ఇప్పుడు 32 టీములు ఉన్నాయి కదా, ఇంకా పెంచాలా, పెంచితే ఎక్కడ ఇవ్వాలి అనే చర్చ వచ్చినప్పుడల్లా హ్యూస్టన్ పేరు, మా అట్లాంటా పేరు వస్తూనే ఉంటాయి. మా దగ్గరైతే జార్జియా 400 రోడ్డు వెంబడి ఫోర్సైత్ కౌంటీలో ఒక అరీనా, ఆల్ఫరెట్టాలో నార్త్ పాయింట్ మాల్ దగ్గర ఒక అరీనా, ఇలా ప్రతిపాదనలు కూడా వచ్చాయి. ఈ ఏరియా గురించి మన వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, ఏ ఇండియన్ స్టోర్‌లో లైన్‌లో నిలబడినా ముందు ఒకరు వెనక ఒకరు తెలుగులోనే మాట్లాడుతుంటారు. అందుకే ఇది మన ఇళ్ళ ముందు జరిగే విషయం అనిపించి రాస్తున్నా.

వద్దనే వాళ్ళ వాదన ఒకటే, రెండుసార్లు ఇస్తే రెండుసార్లూ నిలబెట్టుకోలేకపోయిన ఊరికి మూడోసారి ఎందుకు అని. లెక్క ప్రకారం నిజమే. 1972లో వచ్చిన ఫ్లేమ్స్ 1980లో కాల్గరీ వెళ్ళిపోయారు, 1999లో వచ్చిన థ్రాషర్స్ 2011లో విన్నిపెగ్ వెళ్ళిపోయి జెట్స్ అయ్యారు. కానీ ఆ థ్రాషర్స్ కథ ఒక్కసారి దగ్గరగా చూడండి. ఓనర్లకీ ఆటగాళ్ళకీ గొడవ వచ్చి లాకౌట్‌లో కొట్టుకుపోయిన ఏడాది తీసేస్తే 11 సీజన్లు ఆడారు, అన్నిట్లో కలిపి, సీజన్ చివర స్టాన్లీ కప్పు కోసం ఆడే ప్లేఆఫ్స్‌కి వెళ్ళింది ఒక్కసారి, 2007లో, న్యూయార్క్ రేంజర్స్ చేతిలో వరసగా నాలుగు మ్యాచ్‌లూ ఓడిపోయారు. అంతే. పదకొండు సీజన్లు టికెట్లు కొన్న మనిషికి ప్లేఆఫ్స్‌లో ఒక్క గెలుపు కూడా చూపించలేదు. ఆపైన ఓనర్లు వాళ్ళలో వాళ్ళే కోర్టులకెక్కారు, ఊరంతా ఇష్టపడ్డ స్టార్ ఆటగాడు కోవాల్చుక్‌ని 2010లో న్యూజెర్సీకి పంపించేశారు. ఇంత జరిగాక స్టాండ్స్ ఖాళీగా ఉన్నాయి, ఇది హాకీ ఊరు కాదు అంటే ఎలా? జనం తప్పెంత, నడిపిన వాళ్ళ తప్పెంత?

ఇంకోటి, అరీనా డౌన్‌టౌన్‌లో. హాకీ చూసే కుటుంబాలు ఎక్కువమంది ఉత్తరాన ఆల్ఫరెట్టా, రాస్వెల్, డులూత్ వైపు. బుధవారం సాయంత్రం ఏడింటి మ్యాచ్‌కి ఇద్దరు పిల్లల్ని కార్లో వేసుకుని 400 మీద ఆ టైమ్‌లో దిగడం ఎలా ఉంటుందో ఇక్కడ ఉద్యోగం చేసే ఎవర్నైనా అడగండి. బేస్‌బాల్ టీమ్ బ్రేవ్స్ కూడా 2017లో డౌన్‌టౌన్ పక్క నుంచి కాబ్ కౌంటీకి మారిపోయింది. అదే ఏడాది మొదలైన సాకర్ టీమ్ అట్లాంటా యునైటెడ్‌కి 70 వేల మంది వచ్చిన మ్యాచ్‌లు ఉన్నాయి. ఊరికి ఆట మీద ప్రేమ లేదంటే నేను ఒప్పుకోను.

దక్షిణాదిలో హాకీ బతకదు అన్న మాటకైతే ఇప్పుడు అసలు విలువే లేదు. టాంపా 2004, 2020, 2021లో కప్పు కొట్టింది, ఫ్లోరిడా పాంథర్స్ 2024, 2025లో వరసగా కొట్టారు, కరోలైనా 2006లో. వేగస్‌కి 2017లో టీమ్ ఇస్తే ఎడారిలో ఐసేంటి అన్నారు, మొదటి సీజన్‌లోనే ఫైనల్‌కి వెళ్ళింది, 2023లో కప్పు తెచ్చుకుంది.

కానీ నాకు వీటన్నిటికంటే ముఖ్యమైంది డాలస్. మా అన్నయ్యా వదినా ఫ్రిస్కోలో ఉంటారు. 1993లో మినెసోటా నుంచి స్టార్స్ టీమ్ అక్కడికి వచ్చాక 1999లో కప్పు గెలవడం ఒక ఎత్తు, స్టార్‌సెంటర్ అని పేరు పెట్టి ఊరి చుట్టూ రింకులు కట్టుకుంటూ పోవడం ఇంకో ఎత్తు. ఫ్రిస్కో, ప్లేనో, రిచర్డ్‌సన్, మెకిన్నీ, మన వాళ్ళు ఇళ్ళు కొనుక్కునే చోట్లే. టాంపా గెలిచిన 2020, 2021 టీముల్లో ఆడిన బ్లేక్ కోల్‌మన్ ప్లేనోలో పుట్టినవాడు. మొన్న వదినతో ఫోన్లో మాట్లాడుతుంటే "నువ్వు ఇంకా పొద్దున్నే నాలుగున్నరకి లేస్తున్నావా, మాకు పది నిమిషాల్లో రింకు, బడి అయ్యాకే ప్రాక్టీసు" అంది. నాకు కుళ్ళు కాదు గానీ గుండె చివుక్కుమంది, ఎందుకంటే మా దగ్గర రింకులు తక్కువ, ఉన్న ఐస్ మీద ఫిగర్ స్కేటింగ్ వాళ్ళు, పెద్దవాళ్ళ లీగులు, పిల్లల టీములు అందరూ సర్దుకోవాలి, చిన్న పిల్లలకి దొరికేది తెల్లారుజామున మిగిలిన టైమే.

మా వాడి కోచ్ ఇక్కడే పుట్టి పెరిగాడు. ఆరేళ్ళప్పుడు వాళ్ళ నాన్న థ్రాషర్స్ మ్యాచ్‌కి తీసుకెళ్తే మర్నాడే స్కేట్స్ కొనమని ఏడ్చాడట. టీమ్ వెళ్ళిపోయిన రోజు గురించి ఒక్కసారే చెప్పాడు, గొంతు మారిపోయింది. అయినా మానలేదు, పొద్దున జీతం లేకుండా మా పిల్లలకి నేర్పించి తర్వాత ఆఫీసుకి వెళ్తాడు. అరిజోనాలోనూ అంతే జరిగింది. 1996లో కయోటీస్ అనే టీమ్ అక్కడికి వచ్చింది, అభిమానులు తూర్పు వైపు ఉంటే అరీనా పడమటి చివర గ్లెండేల్‌లో కట్టారు, 2009లో దివాలా, ఆఖరికి ఐదు వేల మంది పట్టే యూనివర్సిటీ అరీనాలో ఆడారు, 2023లో టెంపే జనం కొత్త అరీనాకి ఓటేయలేదు, 2024లో టీమ్ యూటా వెళ్ళిపోయింది. కానీ ఆ మధ్యలో స్కాట్స్‌డేల్‌లో పెరిగిన ఆస్టన్ మాథ్యూస్ 2016లో, టీములు కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి పిక్ అయ్యాడు. ఎడారి పిల్లాడు! ఊళ్ళో టీమ్ లేకపోయి ఉంటే ఆ పిల్లాడు స్కేట్స్ ముట్టుకునేవాడా?

ఆటగాళ్ళు పలచబడిపోతారు, ఆట నాణ్యత పడిపోతుంది అనే వాళ్ళకి ఒక మాట. 1967లో లీగ్ ఆరు టీముల నుంచి ఒక్కసారిగా పన్నెండు చేసింది, అప్పుడు దాదాపు అందరూ కెనడా వాళ్ళే. ఇప్పుడు స్వీడన్, ఫిన్లాండ్, చెక్, అమెరికా అన్ని చోట్ల నుంచీ వస్తున్నారు, 32ని 34 చేస్తే కావాల్సింది నలభై యాభై మంది. దొరకరా?

నాకు నిజంగా జవాబు దొరకనిది కెనడాలోని క్యుబెక్ సిటీ ఒక్కటే. 1995లో వాళ్ళ నార్డిక్స్ కొలరాడో వెళ్ళిపోయారు, 2015లో కొత్త అరీనా కట్టి తెరిచి పెట్టుకున్నారు, అప్లై చేశారు, లీగ్ వేగస్‌కి ఇచ్చి వాళ్ళని పక్కన పెట్టింది. టీమ్ పోతే ఎలా ఉంటుందో కోచ్ ముఖంలో చూశాక వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది, వాళ్ళకి కూడా ఇవ్వాలి అనే అంటా.

ఇక డబ్బు. వేగస్ కట్టిన ఎంట్రీ ఫీజు 50 కోట్ల డాలర్లు, 2021లో వచ్చిన సియాటెల్ కట్టింది 65 కోట్లు. ఇదంతా మిగతా టీముల ఓనర్లు పంచుకుంటారు, ఆటగాళ్ళకి కూడా వాటా లేదు. రాబోయే టీములు కట్టేది ఇంకా ఎక్కువే ఉంటుందని నా అంచనా. అందులో పదో వంతు ఆ ఊళ్ళోనే రింకుల మీద పెట్టాలని లీగ్ ఒక షరతు పెడితే ఎవరికి నష్టం? సియాటెల్ వాళ్ళు మొదటి మ్యాచ్‌కి ముందే నార్త్‌గేట్‌లో మూడు రింకులు ఉన్న సెంటర్ తెరిచారు, టీమ్ ప్రాక్టీసూ అక్కడే పిల్లల క్లాసులూ అక్కడే. చేయలేని పని కాదు. పద్దెనిమిది వేల సీట్ల అరీనా, చుట్టూ రెస్టారెంట్లు, అపార్ట్‌మెంట్లు అని బొమ్మలు గీసి చూపిస్తారు, ఆ బొమ్మల్లో నేను ప్రతిసారీ పిల్లల రింక్ ఎక్కడుందా అని వెతుకుతా. టీమ్ పదేళ్ళు ఓడిపోయినా రోజూ ఆడే పిల్లలుంటే వాళ్ళ అమ్మానాన్నలు టికెట్ కొంటారు, వాళ్ళే పెద్దయ్యాక వాళ్ళ పిల్లల్ని తెస్తారు. థ్రాషర్స్‌కి ఆ తరం ఎదిగే లోపే తాళం వేసేశారు.

కాబట్టి నా ఓటు ఇవ్వాలనే. ఉత్తరం వైపే కట్టాలి, కనీసం పాతికేళ్ళు కదలమని ఓనర్ దగ్గర రాయించుకోవాలి, అరీనా కంటే ముందు రింకులు తెరవాలి. కౌంటీ మీటింగ్‌లో జనం మాట్లాడే టైమ్ ఇచ్చినప్పుడు వెళ్ళి ఇదే చెప్తా, మీరూ రండి.

పోయిన వారం మా పక్కింటి పాప, ఆరేళ్ళది, మా వాడి ప్రాక్టీసు చూడ్డానికొచ్చింది. గంటసేపు గ్లాస్‌కి ముక్కు ఆనించి నిలబడింది, ఆవిరి కమ్ముకుంటే చేత్తో తుడుచుకుని మళ్ళీ చూసింది. బయటికొచ్చాక నేర్చుకుంటానంది. వాళ్ళ అమ్మతో వెళ్ళి బిగినర్స్ క్లాసుకి పేరు రాయించా. వెయిటింగ్ లిస్టులో 14వ నంబర్ వచ్చింది.